కూలబడితేనే థడ్

ఒమన్‌లో ప్లాస్టిక్ కుర్చీలకు నేనంటే హడల్. అల్ హైల్‌లో మా ఏసీ రిపేరు షాపు పక్కన ఒక మలయాళీ టీకొట్టు ఉంది. అక్కడి కుర్చీల్లో ఒకటి మొన్న నా కింద ప్రాణం విడిచింది. నేను కూర్చున్నాను, దాని కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు వెళ్ళిపోయాయి, నేను చేతిలో టీ గ్లాసుతో సహా నేలకు దిగాను. టీ చుక్క కూడా ఒలకలేదు. ఆ ఘనత ఎవరైనా గమనించారేమోనని చుట్టూ చూశాను. అందరూ కుర్చీనే చూస్తున్నారు.

పక్క బల్ల దగ్గర సైట్ నుంచి వచ్చిన తెలంగాణ కుర్రాళ్ళు "అన్నా, పైలం పైలం" అంటూ లేచొచ్చారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగి, చాలక మూడోవాణ్ణి కేకేశారు. నన్ను నిలబెట్టాక ఆ మూడోవాడు వంగి విరిగిన కాలొకటి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని నిమురుతూ, "నీకు మంచిగనే ఉందన్నా. దీన్నే దవఖానకు తీస్కపోవాలె" అన్నాడు.

నేను బడి తొందరగా వదిలేసినవాణ్ణి. డ్యూటీ, గ్యాస్, లీకేజ్, టుమారో. ఈ నాలుగు ఇంగ్లీషు మాటలతో ఇంతకాలం సంసారం ఈదుకొచ్చాను. ఐదో మాట ఒకటి నాకు వచ్చు. దాన్ని నేనెప్పుడూ నోటితో వాడలేదు. ఆ రోజు, నేనింకా నేలమీద ఉండగానే, మా చిన్నది వాడింది. దానికి బడిలో చప్పుళ్ళ మాటలు నేర్పుతున్నారట. చేతిలో జ్యూస్ డబ్బా వదలకుండానే గెంతుతూ, "డాడీ! కుర్చీది క్రాక్. నీది థడ్!" అంది.

నా ఎదురుగా మా నాన్న కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు. ఆ మాట విని ముంచిన చెయ్యి పైకి తియ్యడం మరిచిపోయాడు. బిస్కెట్టు మెత్తబడి గ్లాసులోకి జారిపోయింది. నేను నాన్నను చూశాను. నాన్న గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలిసినంత బాగా ఒమన్‌లో ఇంకెవరికీ తెలియదు.

నా చిన్నప్పుడు మేము ఒమన్‌లోనే నిజ్వా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి వెనక సున్నం వేసిన క్వార్టర్లు వరసగా ఉండేవి. వాటి వెనక మట్టిగోడ, గోడకవతల ఖర్జూరపు తోట. ఎండలు తగ్గి ఏసీలు ఆపేసే రోజుల్లో కిటికీలు తెరిస్తే ఒకవైపునుంచి స్పిరిట్టు వాసన, ఇంకోవైపునుంచి రాలి పులిసిన ఖర్జూరాల వాసన వచ్చి మా గదిలో కలుసుకునేవి. మధ్యలో మా నాన్న చేసే వంకాయ ఎండురొయ్యల కూర. ఆ మూడూ కలిస్తే అదే నాకు ఇల్లు.

వంట నాన్నదే. ఊళ్ళో నాన్నకు సైకిలు షాపు ఉండేది. అమ్మకు ఉద్యోగం వచ్చాక దాన్ని మూసేసి అమ్మ వీసా మీద వచ్చాడు. ఆ వీసా మీద ఇక్కడ పని చెయ్యకూడదు. అందుకని ఇంట్లో చేసేవాడు. అమ్మ యూనిఫారాలు కత్తి అంచులా మడత నిలిచేలా ఇస్త్రీ చేసేవాడు. నన్ను బడికి దింపేవాడు. మిగిలిన ప్రేమంతా గరిటెతో వడ్డించేవాడు. తినడం నా వంతు. ఒమనీ రొట్టె మీద తేనె, అందులో మళ్ళీ చీజుముక్క, పైన నెయ్యి కూడా రాసేవాడు. "ఎదిగే పిల్లాడు" అనేవాడు. నేను ఎదుగుతూనే ఉన్నాను, పైకి మాత్రం కాదు.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం కోట దగ్గర మేకల సంతకు వెళ్ళేవాళ్ళం. కొనడానికి కాదు, చూడ్డానికి. అమ్మేవాళ్ళు మేకల్ని తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే, చుట్టూ నిలబడ్డ ముసలివాళ్ళు చెయ్యి చాపి దాని వీపు, తొడ నొక్కి చూసి ధర అడిగేవాళ్ళు. ఒకసారి ఓ గడ్డం తాత మేకను నొక్కి చూసి, అదే చేత్తో నా బుగ్గ కూడా నొక్కాడు. నాన్న పగలబడి నవ్వి, "అడగరా, ఎంతిస్తాడో!" అన్నాడు. నేనూ నవ్వాను. నాన్న నవ్వితే నాకు కోపం వచ్చేది కాదు. ఎంతమంది నవ్వినా ఆ తేడా మాత్రం నాకు తెలిసేది.

మిగతావాళ్ళు వేరేగా నవ్వేవాళ్ళు. క్లాసులో నేను నడిస్తే, ఒక్కో అడుగుకీ పిల్లలందరూ బెంచీల మీదినుంచి కాస్త ఎగిరి కూర్చునేవాళ్ళు, నేల అదిరినట్టు. ఎవరు కనిపెట్టారో గాని చాలా బాగా చేసేవాళ్ళు. పెన్సిళ్ళు కూడా చేత్తో ఎగరేసేవాళ్ళు. చూడ్డానికి నాకే ముచ్చటేసేది.

మా ఇంగ్లీషు మాస్టారు మావైపువాడే, కోస్తా మనిషి. సొంత వీసా మీద వచ్చిన మగవాడు. ఆ సంగతి ఆయన ప్యాంటు మడతలో కూడా కనిపించేది. నాన్న నన్ను గేటు దగ్గర దింపుతుంటే రోజూ ఒకటే పలకరింపు.

"ఏం వదినగారూ, ఇవాళ ఏం కూర?"

నాన్న నవ్వి, "వంకాయ ఎండురొయ్యలండీ మాస్టారూ" అనేవాడు. ఏ రోజు ఏ కూరైతే అదే చెప్పేవాడు, అడిగింది కూర గురించే అన్నట్టు.

ఒకనాడు మాస్టారు బోర్డు మీద చప్పుళ్ళ మాటలు రాశారు. బజ్, హిస్, స్ప్లాష్, క్రాష్, బ్యాంగ్. చివర్న థడ్. ఒక్కోదాన్నీ చక్కగా చేసి చూపించారు. చెప్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. క్లాసులో ఎక్కువమందిమి తెలుగు పిల్లలమే, విడమరచడం తెలుగులోనే.

"తెలుగులో మనకు అన్నిటికీ ఒకటే దబ్బు. తలుపు దబ్బుమంటుంది, గిన్నె దబ్బుమంటుంది, మనిషి దబ్బుమని పడతాడు. ఇంగ్లీషువాడు అలా ఊరుకోడు. గట్టిది గట్టిదానికి తగిలితే బ్యాంగ్. చాలా వస్తువులు కలిసి పగిలితే క్రాష్. థడ్ అలా కాదు. బరువైంది, మెత్తంది కింద పడాలి. మోగకూడదు. పడిందంటే అక్కడే చచ్చిపోవాలి చప్పుడు." ఇలా చెప్పి క్లాసంతా కలయజూశారు. "బరువైంది, మెత్తంది. ఎవరైనా ఉదాహరణ చెప్తారా?"

అందరూ నావైపు తిరిగారు.

"గుండె కూడా థడ్ అంటుంది, భయం వేసినప్పుడు. అదీ వాడొచ్చు" అన్నారు మాస్టారు. దాన్ని ఎవరూ రాసుకోలేదు. ఆ గంటనుంచి నా పేరు థడ్ అయిపోయింది.

ఆ చలికాలంలో బడిలో ఇంగ్లీషు పండగ పెట్టారు. తల్లిదండ్రులొస్తారు, ముఖ్య అతిథి వస్తాడు. ఒక్కో క్లాసు ఒక్కో ప్రదర్శన ఇవ్వాలి. మాస్టారు మా క్లాసుకు చప్పుళ్ళనే ఎంచుకున్నారు. ఒక అమ్మాయి తేనెటీగ, ఒక బక్క పిల్లాడు పాము, ఇంకొకడికి బకెట్టు నీళ్ళు, మరొకమ్మాయికి స్టీలు పళ్ళాలు. నాకు వేషమూ లేదు, వస్తువూ లేదు. బల్ల ఎక్కి దూకడమే.

రిహార్సల్ మొదలయ్యాక తెలిసింది, థడ్ అంత తేలిగ్గా రాదని. బూట్లతో దూకితే బ్యాంగ్ వచ్చింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. బూట్లు విప్పి దూకితే చెంపదెబ్బలాంటి చప్పుడొచ్చింది. అదీ కాదన్నారు. స్టేజీ చెక్కల మీద తివాచీ మడతేసి వేయించారు. దూకాను.

"ఇది థంప్" అన్నారు. చెవి అలా పట్టి ఉంచి కాసేపు ఆలోచించారు. ఆ తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది. "కాళ్ళ మీద కాదురా. కూలబడు. కూలబడితేనే థడ్."

కూలబడ్డాను. వచ్చేసింది. అంతకుముందు ఎవరూ వినని మంచి థడ్. క్లాసంతా చప్పట్లు. పాము వేషం వేసేవాడు నవ్వలేక హిస్ హిస్ అంటూ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. మాస్టారు కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ" అన్నారు.

రోజూ మళ్ళీ. బాగా వచ్చినా మళ్ళీ, నవ్వు సరిపోకపోయినా మళ్ళీ.

అన్నం దగ్గర నేను మోకాళ్ళ మీద కూర్చోవడం నాన్న చూశాడు. మూడో ముద్దకే లేస్తుంటే అనుమానం వచ్చింది. నేను కూరలో ఉప్పు తగ్గిందన్నాను. నాన్న వంటలో ఉప్పు తగ్గడం ఎప్పుడూ లేదు. నన్ను గదిలోకి తీసుకెళ్ళి నిక్కరు జరిపి చూశాడు. తర్వాత అమ్మ ఆసుపత్రి నుంచి తెచ్చిన పాత గాజుగుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి కాపడం పెట్టాడు.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను దుప్పట్లోంచి విన్నాను.

"ఏదో ఒకటి ఆడిస్తున్నారు కదా," అంది అమ్మ. "వీడికి పద్యం వస్తుందా, పాట వస్తుందా? ఎక్కడా లేకపోతే మళ్ళీ మనకే నామోషీ."

"కమిలిపోయిందే."

"వార్డులో ఎన్ని చూస్తున్నాను. అదేం కాదు, తగ్గిపోతుంది."

మర్నాడు గేటు దగ్గర నాన్న కూర గురించి అడగనివ్వలేదు. తనే ముందు మాట్లాడాడు.

"మాస్టారూ, మావాడు కిందికి దూకే పని... కాస్త తప్పిస్తారేమోనని."

"ఏం వదినగారూ, బిడ్డ కందిపోతున్నాడా?" మాస్టారు నా వీపు తట్టారు. "వాడికి చేతనైన పని అదొక్కటే. అది కూడా తీసేస్తే వాడికేం మిగులుతుంది చెప్పండి?"

పక్కన ఇంకో ఇద్దరు తండ్రులు పిల్లల్ని దింపుతున్నారు. వాళ్ళు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు సంతలో నవ్విన నవ్వు కాదు.

ఇక మా క్వార్టర్ల ప్రార్థన సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

శుక్రవారం సాయంత్రం తెలుగు కుటుంబాలన్నీ పెద్ద సిస్టరు గారింట్లో చేరేవి. ఆవిడ వార్డుకూ పెద్ద, మాకూ పెద్ద. తివాచీల మీద ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. పాటలయ్యాక గొలుసు ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఒకరి తర్వాత ఒకరు, కూర్చున్న వరసలోనే, పైకి ప్రార్థన చెయ్యాలి. మిగతావాళ్ళు ఆగినచోటల్లా ఆమేన్ అనాలి. ఒకరి ప్రార్థనకు ఇంకొకరు అడ్డం రాకూడదు. అయ్యాక దాని గురించి మాట్లాడకూడదు. దేవుడితో చెప్పుకున్నది కదా.

అందుచేత మా క్వార్టర్లలో ఎవరికి ఎవరి మీద ఏమున్నా ముఖాన అనేవాళ్ళు కాదు. శుక్రవారం దాకా దాచుకునేవాళ్ళు.

పెద్ద సిస్టరు గారు అందులో ఆరితేరిన మనిషి. "ప్రభువా, ఆ చివరి క్వార్టర్లో ఉన్న నీ కుమార్తెకు, ఇతరుల ఇంటినుంచి తెచ్చుకున్న గిన్నెలు తిరిగి ఇచ్చే మనసు దయచెయ్యి తండ్రీ" అనేవారు. ఆ కుమార్తె కూడా కళ్ళు మూసుకునే ఆమేన్ అనాలి. మరుసటి శుక్రవారానికి గిన్నె తిరిగొచ్చేది, లోపల మెతుకు కూడా లేకుండా.

నా కోసం కూడా చేశారు ఒకసారి. "ఈ చిన్నబిడ్డ శరీరాన్ని నీ చేతులకు అప్పగిస్తున్నాం తండ్రీ. భారమని అనుకోకు. కొంచెం తగ్గించు." గదంతా ఆమేన్. దేవుణ్ణి కూడా రెండు చేతులతో పట్టుకోమన్నట్టుంది ఆ ఆమేన్. నేను ఒక కన్ను తెరిచి చూశాను. గదిలో తెరిచి ఉన్న కళ్ళు ఇంకో రెండే ఉన్నాయి, మా నాన్నవి. నాకు కన్ను కొట్టాడు.

నాన్న ఎప్పుడూ గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. ప్రార్థన అయ్యాక టీ పెట్టేది ఆయనే కాబట్టి. గొలుసు తనదాకా వస్తే గొంతు సవరించుకుని ఊరుకునేవాడు. పక్కనున్న మాస్టారు అందుకునేవారు. అది అందరికీ అలవాటైపోయింది.

పండగకు ముందు శుక్రవారం. అమ్మ డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి ఆడవాళ్ళవైపు గోడకు ఆనుకుంది. నేను నాన్న పక్కన, ఒక తుంటి మీద కూర్చున్నాను. గొలుసు నాన్నదాకా వచ్చింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. మాస్టారు మొదలుపెట్టడానికి గాలి పీల్చుకున్నారు.

"ప్రభువా" అన్నాడు నాన్న.

నేను ఉలిక్కిపడ్డాను. మాస్టారు పీల్చిన గాలి అలాగే ఉండిపోయింది.

"ప్రభువా... మావాడికి కూర్చోడానికి లేదు తండ్రీ. నల్లగా కమిలిపోయింది. నేను కాపడం పెడతన్నాను, మర్నాడు మళ్ళీ దూకిస్తన్నారు. మాస్టారికి ఏదో చప్పుడు కావాలంట. చప్పుడే కావాలంటే మా ఇంట్లో బియ్యం బస్తా ఉంది, నేనే మోసుకొచ్చి స్టేజీ మీంచి పడేస్తాను. మావాడు బస్తా కాదు తండ్రీ. ఆ సంగతి మాస్టారికి నువ్వే చెప్పు. నేను చెప్తే నవ్వుతన్నారు."

ప్రార్థన ఎలా ముగించాలో గుర్తు రాలేదనుకుంటాను. కాస్త ఆగి, "అంతే" అన్నాడు.

గదిలో ఎవరూ ఆమేన్ అనలేదు. నేనన్నాను. నా గొంతు అప్పుడప్పుడే మారుతోంది, సగం మగగొంతు సగం పిల్లగొంతుగా వచ్చింది. ఆడవాళ్ళవైపునుంచి కిసుక్కుమని ఎవరో నవ్వారు.

తర్వాతి వంతు మాస్టారిది. ఆయన గొంతు ప్రార్థనలో చాలా బాగుండేది. ఆ రోజు ఇంకా మెత్తగా ఉంది.

"ప్రేమగల తండ్రీ, మా మధ్య ఉన్న బలహీనుల కోసం నిన్ను బతిమాలుకుంటున్నాము. భార్య రాత్రనక పగలనక డ్యూటీ చేసి తెస్తే, నీడపట్టున కూర్చుని తినే సోదరులున్నారు. వాళ్ళను క్షమించు."

"ఆమేన్" అంది గది. ఇప్పుడు అందరికీ గొంతు వచ్చేసింది.

"వాళ్ళు పిల్లలకు తిండి తప్ప ఇంకేమీ పెట్టలేకపోతున్నారు. ఆ పిల్లలు కూడా రేపు వాళ్ళలాగే మిగిలిపోకుండా కాపాడు."

"ఆమేన్."

"వాళ్ళ చేతులకు గరిటె కాకుండా ఏదైనా పని, మనసుకు కాస్త పౌరుషం దయచెయ్యి తండ్రీ."

"ఆమేన్."

ఆ మూడో ఆమేన్‌లో అమ్మ గొంతు కూడా ఉంది. డ్యూటీ దిగి వచ్చింది, తూగుతోంది, అలవాటు కొద్దీ అందేమో. నేనెప్పుడూ అడగలేదు.

నేను నాన్న పక్కటెముకలకు ఆనుకుని ఉన్నాను. నా చెవి అక్కడే ఉంది. లోపల చప్పుడు వినిపించింది. మోగడం లేదు. పడి అక్కడే ఆగిపోతోంది, మళ్ళీ పడుతోంది. మాస్టారు చెప్పింది నిజమే, అక్కడ కూడా వాడొచ్చు.

కళ్ళు తెరిచి నాన్నను చూశాను, కన్ను కొడతాడేమోనని. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అందరి ఆమేన్లూ అయిపోయాక, ఒక్కడే, అందరికంటే గట్టిగా అన్నాడు.

"ఆమేన్."

లేచి వెళ్ళి టీ పెట్టాడు. మొదటి కప్పు మాస్టారికే ఇచ్చాడు. మాస్టారు ఊది, చప్పరించి, "టీ మాత్రం వదినగారిదే" అన్నారు. మిక్చరు పళ్ళెం అందరి చేతులూ తిరిగింది. దేవుడితో చెప్పుకున్నది కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

పండగ రోజు బడి ఆవరణంతా కుర్చీలు వేశారు. అప్పటి కుర్చీలు ఇనపవి, మనిషిని మోసేవి. ముఖ్య అతిథి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. ముందు వరసలో పెద్ద సిస్టరు గారు, అమ్మ, మిగతా నర్సులు. నాన్న వాళ్ళ దగ్గర కూర్చోలేదు. వెనకాల గేటు పక్కన నిలబడ్డాడు.

తేనెటీగ బజ్ అంది. పాము హిస్ అంది. బకెట్టు నీళ్ళు స్ప్లాష్ అని ముందు వరస మీద కాస్త పడ్డాయి, అందరూ కేకలు. పళ్ళాలు క్రాష్. తర్వాత నేను బల్ల ఎక్కాను. ఎక్కడానికే జనం నవ్వడం మొదలుపెట్టారు.

పైనుంచి చూస్తే అన్ని తలలూ కనిపించాయి. నోళ్ళన్నీ సగం తెరుచుకుని సిద్ధంగా ఉన్నాయి. తెర పక్కనుంచి మాస్టారు పెదాలతో "జంప్" అన్నారు. నేను గేటువైపు చూశాను. నాన్న నన్నే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు. వద్దు.

జనం చూస్తున్నారు. మాస్టారు మైకులో, "అండ్ నౌ..." అన్నారు.

పొట్ట మీద చెయ్యి వేసుకుని, ముఖ్య అతిథికి ఒక సెల్యూట్ కొట్టాను. అది రిహార్సల్లో లేదు, అప్పటికప్పుడు పుట్టింది. ఆవరణంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే గాల్లోకి లేచి కూలబడ్డాను.

మాస్టారి లెక్క తప్పలేదు, ఆ చప్పుడు వెనక గేటుదాకా వినిపించి ఉంటుంది. డాక్టరు గారు స్టేజీ ఎక్కి నా బుగ్గ నొక్కారు, సంతలో తాతలాగే. ఒక హల్వా డబ్బా చేతిలో పెట్టారు. గులాబినీరు, కుంకుమపువ్వు వాసన. మాస్టారు నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. అమ్మ ముందు వరసలో చప్పట్లు కొడుతోంది. గేటు పక్కన ఎవరూ లేరు.

నేను ఇంటికొచ్చేసరికి నాన్న పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఉన్నాడు. హల్వా డబ్బా బల్ల మీద పెట్టాను. మూత తియ్యలేదు. మంచం మీద బోర్లా పడుకున్నాను. నాన్న గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టాడు. చల్లారితే మళ్ళీ ముంచాడు. ఆ పూట మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూడా దాని గురించి మాట్లాడుకోలేదు.

బడి నన్ను ఎక్కువకాలం భరించలేదు, నేనూ దాన్ని భరించలేదు. పరీక్షలు పోయాయి, ఊరికి పంపారు, ఏసీ పని నేర్చుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చిపడ్డాను. సెల్యూట్ మాత్రం వెంట వచ్చింది. ఎక్కడికెళ్ళినా వాళ్ళు నవ్వకముందే నేనే నా మీద ఒకటి వేసుకుంటాను. పని సులువవుతుంది, కస్టమర్లు టీ ఇస్తారు. అన్నట్టు నేను చేసుకున్నది కూడా నర్సునే. మా క్వార్టర్లవాళ్ళు ఎవరైనా ఉంటే ఈపాటికి నా పేరు కూడా గొలుసులో పడి ఉండేది.

ఆ మధ్య నిజ్వాలో ఒక గెస్ట్‌హౌస్‌కు ఏసీలు బిగించడానికి వెళ్ళాను. పాత మట్టి ఇళ్ళన్నిటినీ ఇప్పుడు అలా చేసేశారు, తెల్లవాళ్ళొచ్చి ఆ గోడల్ని ఫొటోలు తీసుకుంటున్నారు. మా క్వార్టర్లు మాత్రం ఎవరికీ అక్కరకు రాలేదు. కొట్టేసి కార్లు నిలుపుతున్నారు. పెద్ద సిస్టరు గారి హాలు ఉండాల్సిన చోట ఒక తెల్ల పికప్ ఆగి ఉంది, దాని వెనక మూడు మేకలు నన్ను చూస్తూ నములుతున్నాయి. ఖర్జూరపు వాసన ఉంది. స్పిరిట్టు లేదు, కూర లేదు. మాస్టారు ఊళ్ళో మనవలతో సుఖంగా ఉన్నారని విన్నాను. తర్వాత పనిచేసిన బళ్ళలో కూడా థడ్ పాఠం అలాగే చెప్పేవారట. మా తర్వాత ఎంతమంది కూలబడ్డారో.

మొన్న టీకొట్టులో ఇదంతా నాకు నేలమీద కూర్చునే గుర్తొచ్చింది. కుర్రాళ్ళు లేపాక కొట్టతను రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తెచ్చి, "చేట్టా, ఇధర్ బైఠో, డబల్ హై" అని వాళ్ళ భాషలో అన్నను చేసి కూర్చోమన్నాడు. మా చిన్నది విరిగిన కాలుతో బల్ల మీద కొట్టి బ్యాంగ్ బ్యాంగ్ అని వినిపిస్తోంది. నాన్న గ్లాసు అడుగున చెంచాతో బిస్కెట్టు కోసం వెతుకుతున్నాడు. ఇన్నేళ్ళకు అడుగుదామనిపించింది. ఊరికే అడిగితే బాగుండదని, నాకు చేతనైన పద్ధతిలో అడిగాను.

"నాన్నా, ఆ శుక్రవారం మాస్టారి ప్రార్థనకు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నావు చూడూ. పౌరుషం కావాలని నీక్కూడా అంత మోజుగా ఉండేదా? ఊరుకుంటే పోయేదిగా. ఎందుకన్నావు?"

నాన్న మెత్తబడ్డ బిస్కెట్టు చెంచాతో పైకి తీసి, చప్పరించి, మింగాడు. మూతి తుడుచుకున్నాడు. అప్పుడు నా ముఖంలోకి చూశాడు.

"నేను వద్దని తలూపాను కదరా. మరి నువ్వెందుకు దూకావు?"